విప్పిన పదహారు పేజీలు

ప్రొద్దుటూరులో విశ్వేశ్వరయ్య ప్రెస్సు పదేళ్లపాటు పెండ్లి పత్రికలు, పత్తి మిల్లుల రసీదులు అచ్చేసుకుంటూ బతికింది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన వారానికే అది పుస్తకాల కంపెనీ అయిపోయింది. జవాన్ల మీద వేసిన పాటల పుస్తకం జమ్మలమడుగు, పులివెందుల బడుల్లో చేతులు మారి చిరిగిపోతోంది. రెండో భాగం కావాలని కబుర్లు. మామూలు పుస్తకానికి కాగితం దొరకదు. యుద్ధం పుస్తకమంటే మాత్రం కడప వ్యాపారి బండికెత్తిస్తాడు.

కంపోజిటర్ కమాల్ బాషా ముందు మరో పుస్తకం ఉంది. జమ్మలమడుగు బాలసుబ్బయ్య అయ్యవారు కరువు రోజుల్లో గంజి కేంద్రం నడిపినాయన. ఇప్పుడాయనకు చూపు లేదు. శనివారం శనివారం బస్సులో వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని ఆ రోజుల సంగతులు నోటితో చెప్పేవాడు. బాషా విన్నది విన్నట్టు సీసపు అక్షరాల్లో పేర్చేవాడు. అట్లా తయారైన పదహారు పేజీలు దారం కట్టి బల్ల మీద ఉన్నాయి. మరెక్కడా లేవు. కాగితం కరువని, తప్పులు చూసుకునేందుకు తీసే ప్రూఫు కూడా లాగలేదు.

సోమవారం పొద్దున విశ్వేశ్వరయ్య చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "బాషా, కొత్త పాటలకు అక్షరాలు సాలవు. అయ్యవారి పేజీలు విప్పాల్సిందే."

"ఇప్పుడేనా సామీ?"

"రేపు విప్పుదువులే. ముందొక ప్రూఫు లాగి పెట్టుకో. మైదుకూరు పోతాండా, వచ్చేటప్పుడు కాగితం తెస్తా."

ఆయన వెళ్లాడు. బాషా బల్ల దగ్గర ఊరికే నిలబడ్డాడు. అవతల అచ్చయిన పాటల కాగితాలు మడతపెట్టే పనిలో ఉన్న సుశీలమ్మ తలెత్తింది.

"ఏం బాషన్నా, జవాన్ల పాటలంటే చెయ్యి ఆడ్డంల్యా? మీ బావ గాని లాహోరులో ఉండాడా ఏంది?"

"ఉంటే నీకు చీర పంపమని రాస్తాలే" అన్నాడు బాషా. ఇద్దరూ నవ్వారు.

ఆ మాటలో ఏమీ లేదని అతనికి తెలుసు. సుశీలమ్మ అతని పిల్లల్ని ఎత్తి పెంచిన మనిషి. అయినా మనసు ఆ మాటను పట్టుకుని వదలలేదు. పొద్దున హోటల్లో తాను అడుగుపెట్టగానే రేడియో దగ్గరివాళ్లు మాట ఆపారా, లేక వార్తలే అయిపోయాయా? తాను కాగితం కోసం కాచుకున్నాడని చూసేవాళ్లకెట్లా తెలుస్తుంది? కావాలని ఆలస్యం చేస్తున్నాడనుకుంటే?

మొదటి పేజీ దారం విప్పాడు. వేళ్లు ఎన్నడూ లేనంత వేగంగా ఆడాయి. మధ్యాహ్నానికి పదహారు పేజీలూ గళ్లపెట్టెలోకి, ఏ అక్షరం దాని గదిలోకి, చేరిపోయాయి.

సాయంత్రం కాగితం చుట్టతో వచ్చిన విశ్వేశ్వరయ్య ఖాళీ బల్లను చూశాడు.

"ప్రూఫేది?"

"లాగలేదు సామీ."

"ఎవురు తరిమినారప్పా నిన్ను?"

"ఎవురూ లేరు సామీ."

"నేనేమన్నా అన్నానా?"

"అన్లేదు సామీ."

విశ్వేశ్వరయ్య కాగితం చుట్టను ఖాళీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని బాషాకు అనిపించింది.

యుద్ధం ఆగింది. మూడు వారాలకు పాటల పని కూడా ముగిసి అక్షరాలు ఖాళీ అయ్యాయి. అన్నాళ్లూ ఆగమన్న కబురుతో ఇంటి దగ్గరే ఉన్న బాలసుబ్బయ్య మళ్లీ వచ్చాడు. జరిగింది బాషానే చెప్పాడు. ముసలాయన చేత్తో తడుముకుని ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"పోతే పోయినాయిలే. మళ్లా చెప్తా, పేర్చుకో."

గంజి వరసలో నిలబడిన వాళ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒక్కో పేరుకూ ఒక్కో వేలు మడిచాడు. మొదటిసారి పేజీ నిండిన పేర్లు, ఈసారి సగంలోనే ఆగాయి.

"ఇంగా ఉండారు. నోటికి రాలే. నీ చేత్తో పేర్చినోడివి, నీకేమన్నా గుర్తుండాదా బాషా?"

గుర్తుంది. ఒక్కటే. దిల్షాద్‌బీ, ఇద్దరు బిడ్డలు. ఆడపిల్లను చంకనేసుకుని వచ్చేదని అయ్యవారు చెప్పిన మాట కూడా గుర్తుంది. అన్ని పేర్లలో ఈ సాయిబుల పేరొక్కటే తనకెందుకు మిగిలింది? పైకి చెబితే అవతల మడతలు పెడుతున్న సుశీలమ్మ తలెత్తి చూస్తుందా?

"లేదు అయివోరా" అన్నాడు.

"సరే, ఇంగ దీని తర్వాతది పేర్చుకో" అని ముసలాయన గంజి కాచే బానల సంగతి మొదలుపెట్టాడు.