ఇంకాస్త ఆలస్యంగా

పదిహేడేళ్లుగా ఊరందరి పుస్తకాలూ నేనే కుడుతున్నాను. అచ్చయిన ఫారాలు ప్రెస్సులో నా బల్ల మీదికొస్తే మడతపెట్టి, వరుస చూసి, కుట్టి, అట్ట వేస్తాను. ఇన్నేళ్లలో ఒక్క పుస్తకంలోనూ నేను రాసిన ముక్క లేదు. అందుకే మా ఊరి తెలుగు మాష్టారు "మహిళల కవితలు వేస్తున్నాం, నువ్వూ ఒకటి రాసివ్వమ్మా" అనగానే ఎగిరి గంతేశాను.

నా ఆదివారం మధ్యాహ్నం గురించి రాశాను. ఆ పూట అత్తయ్య కూతురింటికి వెళ్తుంది. మా ఆయన పిల్లల్ని ఆటలకు తీసుకెళ్తాడు. నేను గడియ పెట్టి, గచ్చు తుడిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకి ఆనించి, రెండు గంటలు ఏమీ చెయ్యను. అంతకంటే సుఖం నాకు తెలీదు. 'నా వాళ్లారా, ఇంకాస్త ఆలస్యంగా రండి' అని కవిత ముగించాను. వాళ్లంటే నాకు ప్రాణమే, అది వేరే సంగతి.

ఫారాలు రాగానే నా పేజీ వెతుక్కున్నాను. ముప్ఫై ఎనిమిది. చివరి వరుసలో 'ఇంకాస్త త్వరగా రండి' అని ఉంది. గోడకి ఆనించిన నా కాళ్లను తీసేసి, గుమ్మం దగ్గర రెండు వరుసల కన్నీళ్లు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మాష్టారు పని చూసుకోవడానికి వచ్చినప్పుడు నిలదీశాను. "నా కవిత ఏదండీ?"

"అదేనమ్మా. కొంచెం సరిచేశాను."

"నేను ఎదురుచూడట్లేదండీ. పడుకున్నాను."

"అక్కడే ఇబ్బంది. ఇల్లు ఖాళీ అయితే ఆడది సంబరపడుతుందా? మీ అత్తగారు చదివితే ఏమనుకుంటుంది? ఆడవాళ్ల కవితలో తడి ఉండాలి."

"గచ్చు తడిగానే ఉందండీ, అప్పుడే తుడిచాను."

ఒప్పుకున్నాననుకుని నవ్వారు. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం ఇచ్చారు. ఆయన ముందుమాటలో మూడు తప్పులు దొర్లాయట. తప్పొప్పుల పట్టిక వేయించి ప్రతి కాపీలోనూ అంటించమన్నారు.

ఆయన పప్పులో కాలేసింది అక్కడే. రాసినవాళ్లు, దిద్దినవాళ్లు అందరూ చేతులు దులుపుకున్నాక కూడా పుస్తకం బైండరు దగ్గరే ఉంటుంది. ఆ మూడింటి కింద నాలుగోది నేను చేర్చాను: '38వ పేజీ, చివరి వరుసలో త్వరగా అన్నచోట ఆలస్యంగా అని చదువుకోగలరు. దాని పై రెండు వరుసలు చదవకపోయినా ఫరవాలేదు.'

మెషీన్ నడిపే బాబాయ్ చదివి తల గోక్కున్నాడు. "మాష్టారికి తెలుసా?"

"అంటించాక తెలుస్తుంది."

"మీ అత్తకో?"

ఆవిడ నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. తను ఎప్పుడు గడప దాటుతుందా అని కోడలు కాచుక్కూర్చుందనుకుంటే, ఆ మొహం నేనెలా చూడను? బంక గిన్నె ముందు చాలాసేపు కూర్చున్నాను. చివరికి అన్ని కాపీల్లోనూ అంటించాను, సరిగ్గా ముందుమాటకి ఎదురుగా, గట్టిగా.

ఆవిష్కరణ సభలో నా కవిత మాష్టారే చదివారు. 'ఇంకాస్త త్వరగా రండి' అని ముగించి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్న నర్సు ఒకావిడ రెండో వరుసలోంచి లేచింది. "ఆలస్యంగా అండీ. ముందున్న చీటీలో ఉంది, చూసుకోండి."

హాలంతా పేజీలు తిప్పిన చప్పుడు. తర్వాత ఆడవాళ్ల నవ్వులు ఒక మూల మొదలై అంతటా పాకాయి. మాష్టారు చీటీ చూసి నా వైపు చూశారు. నేను ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. పక్కనే అత్తయ్య పుస్తకాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చీటీ చదివింది, పేజీ చదివింది, మూసి సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నాకు అన్నం సయించలేదు. పోయిపోయి ఈవిడ మనసు కష్టపెట్టానే అని కుమిలిపోయాను.

ఆదివారం ఎప్పటిలాగే సంచి పట్టుకుని వెళ్లింది. నేను గచ్చు మీద పడుకున్నాను గానీ సుఖం దగ్గరికి రాలేదు. ఇంతలో ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, అమ్మకి ఒంట్లో బాలేదా? ఇటు వచ్చి మూడు నెలలైంది. ఎప్పుడడిగినా వస్తాలే అంటుంది."

మూడు నెలలు. గోడకి ఆనించిన కాళ్లు అలాగే ఉండిపోయాయి.

"బాగానే ఉన్నారు. పడుకున్నారు" అనేశాను.

నాలుగింటికల్లా వచ్చే మనిషి ఆరు దాటాక వచ్చింది. చీర అంచుకి పార్కు గడ్డి అంటుకుని ఉంది. మొహం తేటగా ఉంది.

"ఆలస్యమైందేం అత్తయ్యా?"

"నువ్వే కదా ఆలస్యంగా రమ్మన్నావు."

"మీ అమ్మాయి ఫోన్ చేసింది. మీరు పడుకున్నారని చెప్పాను."

ఒక చెప్పు విడిచి ఆగింది.

"వచ్చే ఆదివారం చేసినా అదే చెప్పు" అంది, రెండో చెప్పు విడుస్తూ.