ఊరికి అడ్డంగా వెదురుగడ

కరోనా ఏడాది అది. డుంబ్రిగుడ పైకొండల్లో ఒక గూడెం, దారికి అడ్డంగా వెదురుగడ. గడకు లోపల ఊరు. బయట, కాఫీ గింజలు ఆరబెట్టే పాత షెడ్డులో స్వర్ణ, ఫల్గుణ, పాలు తాగే పాప. ఇద్దరూ అనాథల హోమ్‌లో పెరిగినవాళ్లు. పట్నంలో పని పోయి నడిచొచ్చారు. పుట్టిన చోటు గురించి ఫల్గుణకు గుర్తున్నదల్లా ఈ కొండ పేరే. "మీదేం గోత్రం?" అని ఊరు అడిగితే తలలు దించుకున్నారు. అయినవాళ్లు లేనివాళ్లకు తలుపెవరు తీస్తారండీ! క్వారంటైన్ గడువు దాటినా గడ లేవలేదు.

ఆ ఉదయం జీపులోంచి పిల్లల సంక్షేమ శాఖ అధికారి ఒకడు దిగాడు.

"పాప చిక్కిపోయింది. హోమ్‌లో పెరిగిన మీకు పెంపకం ఏం తెలుసు? తీసుకుపోతాం."

తిండి లేకుండా చేసిందెవరని అడగాలి కదా! స్వర్ణ అడగలేదు. హోమ్‌కి పెద్దసారు వస్తే పిల్లలకు తల దువ్వి వరసలో నిలబెట్టి, ఏమడిగినా సరే అనమనేవాళ్లు. "సరే సార్" అంది. పాపకు తల దువ్వి, ఉతికిన గౌను తొడిగింది. ఫల్గుణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గడ అవతల నుంచి ఊరావిడ సోములమ్మ కేకేసింది. "ఓలమ్మ, ఏటి సేత్తన్నావే గుంటా! కన్నబిడ్డని ఇచ్చేత్తావేటి?"

"సార్ అడిగారమ్మా..." తన మాట తనకే వినబడి స్వర్ణ సిగ్గుతో చచ్చిపోయింది. తననూ ఇలాగే ముస్తాబు చేసి ఎవరో అప్పగించి ఉంటారు.

జనం మూగారు. "గోత్రం నేనివోళ్లు, మనకెందుకు?" అన్నాడు ఊరిపెద్ద గాసి.

సోములమ్మ గాసి మీదికి తిరిగింది. "సిగ్గునేదేటి నీకు? నాకూ నేదు! పసిది ఆకలికేడుత్తంటే రోజూ ఇన్నాం. మనం బయటెట్టబట్టే కదా ఈడొచ్చి ఎత్తుకుపోతన్నాడు!"

గాసి మొహం నేలకేసుకుని వెళ్లి గడ కొస పట్టుకున్నాడు. రెండో కొస ఆడవాళ్లు పట్టారు. గడ లేచి, అధికారికీ షెడ్డు గుమ్మానికీ మధ్య దిగింది.

"ఊళ్లోకి బయటోళ్లని రానీకండని మీరే సెప్పినారు బాబూ. ఇప్పుడీ షెడ్డు ఊళ్లోనిదే" అన్నాడు గాసి.

అధికారి ఫోన్ చేశాడు. పోలీసులొచ్చి, అడ్డు పెట్టాడని గాసినీ, పాప తండ్రని ఫల్గుణనీ జీపెక్కించారు. ఆడవాళ్లు గడ వదల్లేదు.

"పాపనివ్వు" అని అధికారి చేతులు చాచాడు.

"సరే" అన్న మాట స్వర్ణ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఇవ్వను సార్."

"గట్టిగా అనవే!" అంది సోములమ్మ.

"ఇవ్వను!" ఈసారి సార్ అనలేదు.

"ఇవ్వం!" ఊరంతా అరిచింది. "తీసుకుపోతే తీసుకుపోండి మావోళ్లని! రేపు పొద్దున్న మీ స్టేషన్ కాడికే వత్తాం, అందరం!"

గడ దగ్గర సోములమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. పాపను చంకనేసుకుని స్వర్ణ ఆ ఖాళీలో నిలబడి, గడ పట్టుకుంది.