అక్క కార్డు

గోల్ఫ్‌లో ఏ గుంతకి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసే మన కార్డు తోటి ఆటగత్తె రాస్తుంది. దెబ్బలు ఎంత తగ్గితే అంత మంచి ఆట. అక్క కార్డు నేను, నా కార్డు అక్క. ఆట అయ్యాక సంతకాలు పెట్టి ఆఫీసు కిటికీలో ఇస్తే గుమాస్తా ఆ రోజే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. తెల్లారేసరికి హ్యాండీక్యాప్ మారుతుంది. ఎవరి ఆటకి తగ్గట్టు వాళ్ళకిచ్చే మినహాయింపు అది. బాగా ఆడితే తగ్గుతుంది.

అక్క నా తోడబుట్టింది కాదు. నర్సుగా రిటైరైంది. పదకొండేళ్ళు వారానికి రెండుసార్లు కలిసి ఆడాం. అక్క కూతురి ఊరికి వెళ్ళిపోతోంది, ఆ శుక్రవారం ఆఖరి ఆట. సామాను కార్లో ఉంది, అల్లుడు హారన్ కొడుతున్నాడు. కూతురి ఊళ్ళో క్లబ్బువాళ్ళు ఆడవాళ్ళ జట్టులో ఉన్న ఒక్క ఖాళీకి మర్నాడు పొద్దున కంప్యూటర్‌లో జాబితా చూస్తారు. హ్యాండీక్యాప్ ముప్పై దాటితే తీసుకోరు. అక్కది కాస్త దాటింది.

ఆ రోజే అక్క ఎన్నడూ లేనంత బాగా ఆడింది.

"చూశావా పిల్లా! మోకాళ్ళు అరిగాక చేతులకి బుద్ధొచ్చింది."

"డెబ్భై ఏళ్ళదాన్ని, పిల్లేంటి?"

"నాకంటే మూడేళ్ళు చిన్నదానివి, నోరు మూసుకో. కార్డు ఇచ్చేస్తావుగా?"

"ఇస్తాలే, వెళ్ళు."

కారు గేటు దాటింది. నేను కిటికీ దగ్గర నా కార్డొక్కటే ఇచ్చాను.

"అక్కగారిదేదమ్మా?"

"ఇంకా కూడాలి నాయనా."

అబద్ధం. కూడటం ఎప్పుడో అయిపోయింది. చెప్పులు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చున్నాను. అక్కడ చోటు దొరక్కపోతే శనివారాలు ఇక్కడికే వస్తుంది. బస్సులో రెండు గంటలేగా. నాతో కాక ఎవరితో ఆడుతుంది? బస్సు కిటికీల కింద, రైలు కిటికీల కింద నిలబడి వెళ్ళేవాళ్ళకి చెయ్యి ఊపి ఊపి అరిగిపోయినదాన్ని. ఈ ఒక్కసారికి నా చేతిలో ఒక కాగితం ఉంది.

ఫోను మోగింది. అక్కే.

"అల్లుడు టీకి దిగాడు. కార్డు ఎక్కించాడా?"

"ఆఁ."

"హమ్మయ్య. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు గానీ, భయంగా ఉందే. అక్కడ నా మొహం తెలిసినవాళ్ళు ఒక్కరుండరు. పొద్దున వాళ్ళు ఆఫీసుకెళ్తే గోడలతో మాట్లాడాలి. ఈ ఆట కూడా లేకపోతే ఏమైపోతానో."

అక్క భయమని అనడం నేనెప్పుడూ వినలేదు.

లేచి ఆఫీసుకి పరిగెత్తాను. పరుగంటే నా పరుగు. గుమాస్తా షట్టరు సగం దించేశాడు.

"రేపు చూద్దామమ్మా."

"ఈ రోజే బాబూ. నీకు దణ్ణం పెడతాను."

గొణుక్కుంటూ కంప్యూటర్ తెరిచాడు. కార్డులో నా అంకెలు కోడి గీతలని, చదవమన్నాడు. తొమ్మిది గుంతలు. ఐదు. ఆరు. నాలుగో గుంత దగ్గర ఆగాను. అక్కడ ఇసుకలోంచి కొట్టి, తనే నమ్మలేక కూలబడి నవ్వింది.

"కొంచెం తొందరగా చెప్పండమ్మా."

"నాలుగు," అన్నాను.

తొమ్మిదోది చెప్పడానికి ఎంత ఆలస్యం చేయొచ్చో అంతా చేశాను. ఆయన మీట నొక్కాడు. అయిపోయింది.

మర్నాడు పదకొండింటికి ఫోను. "తీసుకున్నారే! ఇప్పుడే ఆడదాం రమ్మంటున్నారు!" వెనక ఎవరో ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

"మంచిదక్కా."

"ఉంటానే, పిలుస్తున్నారు."

నీ కార్డు ఎవరు రాస్తున్నారు అని అడగబోయాను. అప్పటికే పెట్టేసింది.