బద్ధకపు నలభై ఒకటి

ఉప్సాలా ఊళ్లోని ఆ చెట్ల పరిశోధన ల్యాబులో పనిలో తప్పు చేసినవాళ్లు తొమ్మిదిన్నర కాఫీకి ఏదో ఒకటి తేవాలి. దీపం ఆర్పడం మరిచిపోతే దాల్చినచెక్క బన్నులు. ఫ్రీజరు తలుపు తెరిచి వదిలేస్తే మామూలు కేకు. అంతకు మించిన ఘోరానికి మార్జిపాన్ అనే ఆకుపచ్చ బాదం ముద్ద కప్పిన ప్రిన్సెస్ కేకు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ల్యాబు టెక్నీషియన్ బెరిట్ ఏనాడూ బన్నులు దాటలేదు. అందుకే ఆ గురువారం ఆమె తెచ్చిన పెట్టె మూత తీయగానే కాఫీ గదిలో అందరి మెడలూ ఆ ఆకుపచ్చ కేకు వైపు సాగాయి.

"ఎవరిని చంపావు?" అన్నాడు ప్రొఫెసర్ హోకన్.

"ముందు కొయ్యి. నోట్లో తీపి ఉంటే కోపం కాస్త ఆలస్యంగా వస్తుంది."

కోపం ఎవరికి రావాలో వాళ్ల వైపు చూడకుండానే అంది బెరిట్. ఎదురుగా పరిశోధక విద్యార్థిని తూవా అందరికంటే పెద్ద ముక్క మీద కన్నేసి కూర్చుంది. మంగళవారం నుంచీ ఆ పిల్ల నేల మీద నడవడం లేదు.

తూవా పెంచేవి స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు కణాలు. గింజ లేకుండా, సీసాలో పోసిన పోషక ద్రవంలోనే అవి మొక్కలయ్యే పిండాలు కట్టాలి. ఎనభై ఎనిమిదో నంబరు కణాలు బుద్ధిగా కట్టేవి. నలభై ఒకటో నంబరువి మాత్రం రెండేళ్లుగా కలిపిన జావలా ముద్దకట్టి ఉండిపోయేవి. అలాంటిది మంగళవారం ఆ ముద్దలో చిన్న చిన్న పిండాలు కనిపించాయి. ద్రవంలో తను చక్కెర తగ్గించడం వల్లే వచ్చాయని తూవా తేల్చేసింది. సోమవారం పరీక్షకుల ముందు అదే చెప్పబోతోంది. వాళ్లకు చూపించే బొమ్మలన్నీ సిద్ధమైపోయాయి.

"ఐదు వారాల కిందటి శనివారం సీసాలు చూసే వంతు నాది. కొత్త ద్రవం చాల్లేదు. ఎనభై ఎనిమిదో నంబరు కణాలు తేలిన పాత ద్రవాన్ని సన్నటి జల్లెడలో వడగట్టి నలభై ఒకటిలో పోశాను" అంది బెరిట్.

తూవా చెంచా కింద పెట్టింది. "నా సీసాల్లోనా?"

"నీ సీసాల్లోనే."

"ఎందుకలా చేశావు?"

"మా అమ్మ కొత్త పాలలో పాత పెరుగు చెంచాడు వేసేది. బద్ధకపు పాలు కూడా తోడుకునేవి. చెయ్యి అలవాటుగా పోయింది. రాసిపెట్టడం మాత్రం మరిచాను."

"అంటే నా చక్కెర..."

"నీ చక్కెర పాపం ఏమీ చేసి ఉండదనే అనుకుంటున్నాను."

తూవా కుర్చీ వెనక్కి తోసి వెళ్లిపోయింది. కోసిన పెద్ద ముక్క పళ్లెంలోనే ఉండిపోయింది. దాని వైపు హోకన్ ఆశగా చూశాడు గానీ, ఆ సమయంలో తినడం బాగుండదని ఊరుకున్నాడు.

"రెండు రోజులు ఎందుకు ఆగావు?" అని అడిగాడు.

"దాని సంతోషం చూశావుగా. పసిపిల్ల చేతిలో బుడగ పగలగొట్టినట్టుంటుందని."

సోమవారం తూవా పరీక్షకుల ముందు నిలబడి, పిండాలు ఎందుకొచ్చాయో తనకు తెలియదని ఒప్పుకుంది. మెచ్చుకోలు రాలేదు, చీవాట్లూ రాలేదు. కనుక్కొని రమ్మన్నారు. బెరిట్‌తో మాత్రం తూవా వారం రోజులు అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. సీసాల మీద పేర్లు మాత్రం ఇంతింత పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది.

పాత ద్రవంలో ఏముందో వెతికే బాధ్యత హోకన్ తీసుకున్నాడు. ఎనభై ఎనిమిదో నంబరు కణాలు బయటికి వదిలేవాటిలో ఒక ఎంజైము దొరికింది. పేరు కైటినేజ్.

"ఇది బూజు గోడలు కోసే కత్తి. చెట్టు తన రక్షణకి దాచుకునే ఆయుధం. ఎనభై ఎనిమిదిలో దాని జన్యువు గొంతెత్తి అరుస్తోంది. నలభై ఒకటిలో గొణుగుతోంది" అన్నాడు.

"నా సీసాల్లో బూజు లేదు కదా. ఇక కత్తి ఎవరి మీదికి?" అంది తూవా. కోపంగా ఉన్నా ప్రశ్న ఆపుకోలేకపోయింది.

బెరిట్ గాజు గొట్టాలు కడుగుతూనే అంది, "మా అమ్మ గొర్రెల ఉన్ని తీసే కత్తెరతోనే మా జుట్టు కత్తిరించేది. పండక్కి రంగు కాగితాలూ దానితోనే. ఇంట్లో ఏ కత్తెరా ఒక్క పనికే పుట్టదమ్మాయ్."

"నీ చిన్నప్పటి జుట్టు ఫొటోలు చూశాను. ఆ సాక్ష్యం నీకు పనికిరాదు" అంది తూవా. వారం తర్వాత వచ్చిన మొదటి అనవసరపు మాట అది. బెరిట్ నీళ్ల కుళాయి కట్టేసి మరీ వింది.

నలభై ఒకటిని నాలుగు భాగాలు చేశారు. ఒకదానికి కొత్త ద్రవం. ఒకదానికి పాతది. ఒకదానికి మరిగించిన పాతది, అందులో ఎంజైము చచ్చిపోతుంది. నాలుగోదానికి కొత్త ద్రవంలో ఒక్క ఎంజైము మాత్రమే. ఐదు వారాలు తూవా రోజూ తొంగిచూసేది. బెరిట్ సీసాల్లోకి చూసేది కాదు, తూవా ముఖం చూసి తెలుసుకునేది.

ఒక పొద్దున ఆ ముఖం సూక్ష్మదర్శిని మీంచి ఎంతకీ లేవలేదు.

"బెరిట్, రా. కొత్తదానిలో జావ. మరిగించినదానిలో జావ. పాతదానిలో పిండాలు. నాలుగోదానిలోనూ పిండాలు."

బెరిట్ వంగి చూసింది. ముద్దలోంచి తెల్లటి తలలు, వాటి వెనక సన్నటి తోకలు.

"చూడు, ఎంత ముద్దుగా ఉన్నారో" అంది.

"ముద్దు తర్వాత." తూవా నోటు పుస్తకం, కలం ఆమె ముందు పెట్టింది. "ఈ పరిశోధన నీ శనివారంతోనే మొదలవుతుంది. అలాగే రాస్తాను, నీ పేరుతో సహా. ఆ రోజు ఏం చేశావో గంట గంటకీ రాసివ్వు. మొదట చెప్పు, పాత ద్రవం ఒక్కో సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు?"

బెరిట్ కలం కింద పెట్టింది. తర్వాత కుడిచేతి వేళ్లు రెండు గాలిలో కొంచెం ఎడంగా పెట్టి చూపించింది.

"ఇంత" అంది.

తూవా తల బల్ల మీద వాల్చేసింది. ఏడుస్తోందేమోనని బెరిట్ కంగారుపడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం నవ్వుతో అదురుతోంది.

"కొలబద్ద తీసుకురా. ఆ వేళ్లు మాత్రం కదపకు" అంది తూవా.