వాపసు ఈకలు

మూట కుట్లు విప్పగానే లోపలి కంపు గుప్పున ముఖాన కొట్టింది. దిండ్లక్క ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది. ఓడ మీద వచ్చిన బాతు ఈకలవి. శుభ్రంగా కడిగి ఆరబెట్టామని సప్లయరు నమ్మబలికిన ఈకలు. చెయ్యి పెడితే జిగటగా అంటుకున్నాయి. మొదళ్లకు చర్మం ముక్కలు, వాటిలో మెసులుతున్న తెల్లటి పురుగులు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. సబ్బుతో ఎంత రుద్దినా వేళ్ల సందుల్లోంచి వాసన పోలేదు.

ఊళ్లో సగం ఇళ్లు ఆమె కుట్టిన దిండ్ల మీదే తల వాలుస్తాయి. అందుకే అసలు పేరు మరుగున పడి దిండ్లక్క మిగిలింది. వ్యాపారంలో మరిది భాగస్థుడు. ఫొటోలు పంపితే సప్లయరు ఎదురు చెప్పలేదు. సరుకు వాపసు పంపండి, డబ్బు తిరిగిస్తానన్నాడు.

కాగితాల పని కస్టమ్స్ ఏజెంటుకు అప్పగించారు. వచ్చిన సరుకే తిరిగి పోతోందనీ, దాన్నెవరూ వాడలేదనీ రుజువు చూపాలి. వాపసుకు కారణం రాయాలి. ఏజెంటు అన్నీ నింపి సంతకానికి ముందుకు జరిపాడు. కారణం దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. ‘ఆర్డరులో పొరపాటు. సరుకు బాగానే ఉంది.’

"బాగుండటమేంటండీ? పురుగులు పడి కంపు కొడుతుంటే!"

"సప్లయరే అలా రాయమన్నాడమ్మా. కుళ్లిందని రాస్తే అక్కడి కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు. ఇలా రాస్తే గుట్టుగా దించుకుని, వేరే దేశం వాళ్లకి పంపేస్తాడట. కొనేవాళ్లు కూడా రెడీగా ఉన్నారు."

"కొని ఏం చేస్తారు?"

"ఏముంది? దిండ్లే."

 ఎవరో తల్లి పసిబిడ్డ తల కింద ఆ పురుగుల సంచీ పెడుతున్నట్టు ఆమె కళ్ల ముందు కదిలింది. పక్కన మరిది బిస్కెట్లు నములుతూనే ఉన్నాడు.

"మనకెందుకొదినా? మన గుమ్మం దాటితే చాలు. సంతకం పెట్టేసి చేతులు దులుపుకుందాం."

మూతికి అంటిన పొడిని అతను నాలుకతో నాకడం చూసి ఆమె ముఖం తిప్పుకుంది. మూట విప్పినప్పుడు కూడా ఇంత వెలపరం కలగలేదు.

"తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నాకొద్దు. ఉన్నదున్నట్టు రాయండి."

"అలా రాస్తే వాపసు ఉండదమ్మా. ఇక్కడే తగలబెట్టమంటారు, అదీ మీ ఖర్చుతో."

"రాయండి."

రేవు గోదాములో తనిఖీ అధికారి దూరం నుంచే రుమాలు ముక్కున పెట్టుకున్నాడు. "విప్పక్కర్లేదమ్మా, వాసనొస్తూనే ఉందిగా. ఆర్డరు పొరపాటనే రాసుకోండి, ముద్ర కొట్టేస్తా. మీకూ నాకూ గొడవ ఉండదు."

ఇంతమంది ముక్కులు మూసుకుని దారి వదులుతుంటే లోకంలో కుళ్లు తిరక్కేం చేస్తుంది? ఆమె కత్తెర తీసి మూట కుట్లు కోసింది. ఈకలు కుప్పగా అతని బూట్ల మీద పడ్డాయి. అతను వాంతి ఆపుకుంటూ బయటికి పరుగెత్తాడు. తిరిగొచ్చి, ఆమె వైపు చూడకుండానే సరుకు కాల్చెయ్యమని రాశాడు.

ఏజెంటు సప్లయరుకు ఫోన్ చేస్తే, సరుకు రానప్పుడు డబ్బెక్కడిదని పెట్టేశాడు.

పాడైన సరుకు కాల్చే కొలిమి దగ్గర ఆమె చివరి మూట లోపలికి పోయేదాకా నిలబడింది. మరిది మాత్రం గేటు బయటే ఆగాడు.

"నీ పంతంతో నిలువునా ముంచావొదినా. నా వాటా నాకు పడెయ్, నా దారి నేను చూసుకుంటా."

"అలాగే, మరిదీ."

ఆమె గొంతులో కోపం లేదు. బతిమాలుతుందేమో అని అతను కాసేపు ఆగాడు. ఆమె కాలవ పక్కకు వెళ్లి, నోట్లో చేరిన చేదంతా ఉమ్మేసింది. దుకాణం కుట్టుమిషన్లు అమ్మి వాటా తీర్చాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. రెండైనా మిగిలితే దూది దిండ్లు కుట్టొచ్చని లెక్కేసుకుంటూ బస్సు కోసం నడిచింది.