వైపని పెంటయ్య

నూలు అయిపోవచ్చిన పాత బీము చివరి పోగును ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, నూలు నిండుగా చుట్టిన కొత్త బీము పోగును దాని పక్కన చేర్చి, రెండింటినీ బొటనవేలితో ఒక్క నలుపు నలిపాడు పెంటయ్య. అతుకు పడింది. పక్క పోగు అందుకున్నాడు. సిరిసిల్లలో దీన్ని వైపని అంటారు. సాంచా మీద, అదే మరమగ్గం మీద, నూలు అయిపోయినప్పుడల్లా కొత్త పోగులన్నిటినీ పాతవాటికి ఒక్కొక్కటే అతకాలి. అతుకు కుదరకపోతే సాంచా కదలగానే పటపటా తెగిపోతాయి. మీసాలు రాకముందు పట్టిన పని. కళ్లు మూసుకున్నా వేళ్లు వాటంతటవే పోయేవి, పిల్లలు అమ్మమ్మ ఇంటికి పోయినట్టు.

ఇప్పుడా వేళ్లే మాట వినడం లేదు. కిడ్నీలు చెడినప్పటి నుంచి మొహం ఉబ్బింది, గోళ్లు పత్తిలా తెల్లబడ్డాయి, గడప దాటితే ఆయాసం. మూతి చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి. దవాఖానలో సిస్టరు రాజలక్ష్మి ఎంత ఓపికగా చెప్పిందని!

"నెత్తురు తయారు చెయ్యిమని ఒంటికి చెప్పేది గా కిడ్నీలే బాపూ. అవి సప్పుడు చేస్తలేవు. దానికి సూది మేమిస్తం. కాల్షియం గూడ పడిపోయింది, గందుకే వేళ్లు కొంకర్లు పోతున్నయ్. గీ గోలీలు దినాం బువ్వతోని ఏసుకో. ఒక్కనాడు గూడ ఇడువకు."

తల ఊపి వచ్చాడు గాని, పెంటయ్య లెక్క పెంటయ్యదే. మొన్నటిదాకా గిరాకీ లేక సాంచాలు ఆగిపోయాయి. ఆ రోజులన్నీ గోలీలు గూట్లోనే ఉన్నాయి.

మూలన నూలు కండెలు చుడుతున్న భార్య లసుమవ్వ రాట్నం ఆపింది. "గోలి ఏసుకున్నవా?"

"ఇయ్యాల పనుంది గద, ఏసుకున్న."

"పని లేనినాడు?"

"సాంచ బందున్ననాడు నూనె ఎందుకే?"

"నీ తెలివి తగలెయ్య! నువ్వు సాంచవా, మనిషివా?" అంది. కోపం పట్టలేక నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అంతలో సాంచాల యజమాని, ఆసామి వేణు వచ్చి నిలబడ్డాడు. "కాకా, పోయినసారి నీ అతుకులు మస్తు తెగినయ్. చీరల ఆర్డరు ఇది. గీసారి తెగితే వేరేటోళ్లను పిలుసుకుంట. ఏమనుకోకు."

"తెగయ్ కొడుకా," అన్నాడు పెంటయ్య. ఆ పని పోతే తననిక ఏమని పిలుస్తారు? ఊళ్లో అందరి నోటా అతను వైపని పెంటయ్యే.

మళ్లీ వంగాడు. పక్క షెడ్ల సాంచాల మోత దూరదూరంగా జరిగి, రేకుల మీద వాన చప్పుడులా వినిపించింది. పరిచిన పోగులు నీళ్లలా మెరుస్తున్నాయి. ఆ నీళ్లకు అవతల కోరుట్ల. పసుపు ఆరని చేతులతో పెళ్లిపందిట్లో కూర్చున్న పిల్ల లసుమవ్వ. ఆ పిల్లే తర్వాత ఈ షెడ్డులో అతుకు నేర్చుకోబోయి పోగులన్నీ తెంపి, "నీ పని నువ్వే చేసుకో" అని అలిగింది.

ఉన్నట్టుండి వేళ్లు అయిదూ మొగ్గలా ముడుచుకుపోయాయి. కేక వేయలేదు. లసుమవ్వే చూసి వచ్చింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలినీ విప్పి, ఊది, రాసింది.

"చాలు. ఇంటికి పోదాం రా."

"గిన్నే ఉన్నయే. గివి వేరేటోళ్లకిడిస్తే నేనెందుకు?"

 ఆమె కొత్త పోగులు ఏరి అందిస్తూ పక్కనే కూర్చుంది. అతను నలిపాడు. ఎండ కిటికీలోంచి నేల మీదికి దిగి, నేల మీంచి గోడెక్కింది. చివరి పోగు పడ్డాక పెంటయ్య గోడకు జారగిలబడ్డాడు.

"జర ఒరుగుత. సాంచ నడిచినంక లేపు. తెగినయో లేదో చెప్పు."

వేణు మీట నొక్కాడు. అతుకులన్నీ ఒక్క వరుసగా కదిలి, దువ్వెనలాంటి పన్నె పళ్ల సందుల్లోకి దూరి, అవతలికి వచ్చాయి. లసుమవ్వ లేచి నిలబడి చూసింది.

"కాకా! ఒక్కటి తెగలే!"

లసుమవ్వ వంగి భుజం తట్టింది. "ఇన్నవా? ఒక్కటి తెగలేదట."

పెంటయ్య వినలేదు, ఎద కదలడం లేదు. ఒళ్లో అతని చెయ్యి వెల్లకిలా ఉంది. వేళ్లు కొంకర్లు వదిలి, మెత్తగా, నిద్రపోయే పసివాడి వేళ్లలా విప్పారి ఉన్నాయి. ఆమె వాటిలో తన చెయ్యి పెట్టి కూర్చుంది. వేణు సాంచా ఆపాడు.

అతుకులు వచ్చిన జానెడు గుడ్డను ఎప్పుడూ కత్తిరించి పారేస్తారు. ఆ రోజు ఎవరూ కత్తెర ముట్టలేదు. కొత్త చీరకు ముందు, తెల్లని ఆ పట్టీ మీద నలిపిన పోగుల కొసలు నూగులా లేచి, గాలికి మెల్లగా ఊగుతున్నాయి.