ముందువైపు దించిన వల

రాయదుర్గంలో ఆ అద్దాల బిల్డింగు ఆరో అంతస్తులో సముద్రం ఉంది. నలభై స్క్రీన్ల మీద, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, అలలతో సహా ఉంది. ఉప్పునీటి చుక్క మాత్రం లేదు. పైలట్ లేని విమానాలు అప్పటికప్పుడు పంపే వీడియోలు చూసి, నిషేధం ఉన్న చోట చేపలు పట్టే పడవల మీద ముద్ర వెయ్యడం అక్కడి పిల్లల పని. ఒకప్పుడు ఈ గస్తీ సైన్యానిది. విమానంలో మనిషి కూర్చునేవాడు, అనుమానం వస్తే కిందికి దిగి చూసేవాడు. సర్కారు ఆ పనిని టెండరేసి కంపెనీ చేతిలో పెట్టింది. కంపెనీ ఒక్కో పడవకు పన్నెండు సెకన్లు ఇచ్చింది. పన్నెండు సెకన్లలో మీరు మీ అమ్మనైనా గుర్తుపడతారా?

రోహిణి శేరిలింగంపల్లి పిల్ల. సముద్రాన్ని కళ్లారా చూసింది లేదు. ఆ మంగళవారం పదకొండింటికి ఆమె స్క్రీన్ మీదికి ఒక చిన్న పడవ వచ్చింది. నలుగురు మనుషులు. ముందువైపు నుంచి నీళ్లలోకి దిగిన వల. ఒకడు చొక్కా విప్పి ఊపుతున్నాడు. నీళ్లలో వల కనబడితే ‘దొంగవేట’ అని నొక్కమని ట్రైనింగులో చెప్పారు. నొక్కింది. ఆ పడవ పోయి ఇంకో పడవ వచ్చింది.

ఆమె వెనక నేల తుడుస్తున్న కనకలక్ష్మి కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. శ్రీకాకుళం ఒడ్డు మనిషి. మొగుణ్ణి సముద్రం తీసుకున్నాక పొట్ట చేతబట్టుకుని పట్నం వచ్చింది.

“అమ్మా, ఆ బొమ్మ ఎనక్కి తిప్పు. అది యేట కాదు. ఆలకి ఇంజను సచ్చిపోనాది.”

రోహిణి తిప్పింది. “వల ఉన్నది కదక్కా?”

“వలేత్తే బెండ్లు బారుగా తేల్తాయి. ఈలు వలని ముద్దలాగ కట్టి ముందునుంచి దించినారు, గాలికి పడవ అడ్డం తిరిగిపోకుండా. సొక్కా ఊపుతన్నాడు సూడు, నిన్నే పిలుత్తన్నాడు.”

రోహిణి స్క్రీనంతా వెతికింది. వేసిన ముద్ర చెరిపే బటన్ లేదు. ‘ఆపదలో ఉన్నారు’ అనే బటన్ అసలే లేదు. ఫోన్లేమో బయట లాకర్లలో ఉన్నాయి. మేనేజర్ జశ్వంత్ దగ్గరికి పరిగెత్తింది.

“సర్, జర కోస్ట్‌గార్డుకు ఒక్క ఫోన్ కొట్టండి సర్. మనుషులున్నరు.”

“రెస్క్యూ మన కాంట్రాక్టులో లేదు రోహిణీ. అయినా క్లీనింగ్ వాళ్లు స్క్రీన్లు చూడ్డమేంటి? సెక్యూరిటీ ఏమైపోవాలండీ? సీట్‌కి వెళ్లండి.”

వెళ్లింది. అంతే, వెళ్లి కూర్చుంది. గురువారం ఆ పడవ తిరగబడి దొరికిందని, అందులోని తమ ఊరి నలుగురూ పోయారని, కనకలక్ష్మికి ఊరి నుంచి ఫోనొచ్చింది.

అప్పటి నుంచి రోహిణికి ప్రతి పడవలోనూ వాళ్లే. ఖాళీ నీళ్లలోనూ వాళ్లే. పైనుంచి తీసిన వీడియోలో మొహాలు కనబడవు కదా, ఆమె మనసే వాటికి మొహాలు పెట్టింది. ఒకడికి నాన్న మొహం, ఒకడికి తమ్ముడి మొహం. మెట్రోలో కిటికీ పక్కన కూర్చుంటే అద్దంలోంచి నలుగురూ పైకి చూసేవాళ్లు. అన్నం కలుపుతుంటే ‘నిన్నే పిలుత్తన్నాడు’ అని చెవిలో వినబడేది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

సోమవారం జశ్వంత్ నలభై మందికీ తలా ఒక కాగితం పంచాడు. ఆ పడవలో ఆపద గుర్తులేమీ కనబడలేదని, అందులోవాళ్లు దొంగవేట చేస్తున్నారని అందులో రాసి ఉంది. చనిపోయినవాళ్ల ఊరు ఊరంతా రోడ్డెక్కింది, విచారణ వస్తోంది. నాలుగింటికల్లా సంతకాలు కావాలి. ఆ తర్వాత వీడియో చెరిపేస్తారు.

మధ్యాహ్నం క్యాంటీన్లో పెద్ద రభసే అయింది.

“సంతకంలో ఏముందండీ?” అన్నాడు కాకినాడ బుల్లిబాబు. అతనిదీ స్క్రీన్ ముందు పనే. “పోయినోళ్లు తిరిగొస్తారా? నాకిద్దరు పిల్లలండి.”

“సంతకం వెడితే వాళ్లను మళ్ల ముంచినట్లే అన్నా,” అంది రోహిణి. “ఒకసారి నేను ముంచిన. ఇగ నాతోని కాదు.”

బల్లలు తుడుస్తున్న కనకలక్ష్మి గుడ్డ పక్కన పెట్టేసింది.

“మా ఆయన పోయినప్పుడు సముద్రం తీసుకుందన్నారు. దొంగని ఎవులూ అన్నేదు. ఆ మాట మీదే నాను బతికినాను బాబూ. ఈలని దొంగలంటే ఆ ఆడోలు ఊర్లో ఏ మొకం పెట్టుకుని తిరుగుతారు?”

 బుల్లిబాబు తన కంచం ఆమె ముందుకు జరిపాడు. “ఇంజను పోయిన పడవని ఎలా గుర్తుపట్టాలో చెప్పండమ్మా. మాకెవరూ చెప్పలేదండి.”

కనకలక్ష్మి చపాతీ ముక్కను పడవ చేసింది. పప్పును సముద్రం చేసింది. డిగ్రీలున్న నలభై మంది, బడి మొహం చూడని మనిషి చుట్టూ చేరి పాఠం విన్నారు. అలాంటి క్లాసు ఆ కంపెనీలో అంతకుముందు జరగలేదు.

మూడింటికి బుల్లిబాబు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “కనకలక్ష్మిగారూ! ముందునుంచి వల! ముద్దలా ఉందండీ!”

ఆమె పరిగెత్తుకొచ్చి చూసింది. “అదే బాబూ. ముగ్గురున్నారు. బేగి!”

“ఎవరూ సీట్లోంచి లేవకూడదు!” జశ్వంత్ అరిచాడు.

నలభై కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. పడవ ఉన్న చోటును చెప్పే అంకెల్ని రోహిణి అరచేతి మీద రాసుకుంది. లాకర్ల దగ్గర సెక్యూరిటీ తిరుపతి అడ్డం నిలబడ్డాడు.

“నా నౌకరి పోతది బిడ్డా.”

“మా అందరిదీ పోతది కాకా. అక్కడ మనుషులు పోతున్నరు.”

తిరుపతి తాళాలగుత్తి తీశాడు. ఐదు నిమిషాల్లో నలభై ఫోన్లు ఒకే నంబరుకు, కోస్ట్‌గార్డుకు, వెళ్లాయి. అవతలాయన విసుక్కుని “ఒకే పడవకి ఎంతమంది చేస్తారండీ, బోటు బయల్దేరింది!” అని కేకలేశాడు. ఆ తిట్టు విని బుల్లిబాబు గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు.

అరగంటలో పోలీసులొచ్చారు. రక్షణ రహస్యాలు బయటపెట్టారని కనకలక్ష్మినీ రోహిణినీ వ్యానెక్కించారు. మిగిలినవాళ్లు సంతకం పెట్టని కాగితాలతో వెనకే నడిచి స్టేషన్ వరండా నిండా నిలబడ్డారు. ముగ్గురూ ఒడ్డుకు చేరారన్న కబురు అక్కడే తెలిసింది.

లోపల ఇన్‌స్పెక్టర్ రోహిణి ముందు అదే కాగితం పెట్టాడు. “సంతకం చేసి ఇంటికి పో. లేకుంటే ఏండ్లకేండ్లు కోర్టుల చుట్టూ తిరుగుతవ్.”

రోహిణి కాగితం వెనక్కి తిప్పింది. 

“అక్కా, ఆ నలుగురి పేర్లు చెప్పు. జర గట్టిగ చెప్పు.”

“మైలపిల్లి ఎర్రయ్య,” అంది కనకలక్ష్మి.

రోహిణి రాసింది. రాస్తూ గట్టిగా చదివింది. బయట వరండాలో కాగితాల చప్పుడైంది. ఎవరి కాగితం వాళ్లు వెనక్కి తిప్పుకుని, ముందువాడి వీపు మీద ఆనించి రాస్తున్నారు. ‘మైలపిల్లి ఎర్రయ్య’ అని బుల్లిబాబు గొంతు, ఆ వెనకే అందరి గొంతులూ వినబడ్డాయి.

“సూరాడ నూకన్న.”

“ఏయ్, ఆ తలుపు మూయండ్రా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుల్ వెళ్లాడు కానీ, గుమ్మంలో యూనిఫాంతో తిరుపతి కూర్చుని తన డ్యూటీ రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాసుకుంటున్నాడు. తలుపు పడలేదు.

“గనగళ్ళ రాజులు. గనగళ్ళ సిమ్మయ్య. ఆలిద్దరూ అన్నదమ్ములమ్మా.”

నాలుగు పేర్ల కింద రోహిణి ఇలా రాసింది: వీళ్లు నన్ను పిలిచారు. నేను చూశాను. దొంగలని ముద్ర వేసింది నేనే. వీళ్లు దొంగలు కారు.

సంతకం చేసి కాగితం ఇన్‌స్పెక్టర్ వైపు జరిపింది. ఆయన దాన్ని అడ్డంగా చించాడు.

“చించండి సార్,” అంది. “బయట ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నయి.”